కడగని చెయ్యి

రాజుగారి ఫలహారానికి రోజూ మొలకెత్తిన పెసలు పంపేది నూకాలమ్మ. ఆమె పాకలోకి ఎవరొచ్చినా గుమ్మంలో కాళ్లూ చేతులూ కడుక్కోవాల్సిందే. ఒకరోజు తనిఖీకని వచ్చిన వంటశాల అధికారి వీరభద్రయ్య, గుర్రం దిగి నేరుగా లోపలికి నడిచాడు. కడుక్కోమనేసరికి మండిపడ్డాడు.

"రాజుగారికి వడ్డించే చేతులివి! వీటినే కడగమంటావా? నీ పాక మూయిస్తాను!" అంటూ నానిన పెసల తొట్టిలో చెయ్యి ముంచాడు.

నూకాలమ్మ తొణకలేదు.

"అలాగే దొరా. ఇవి పచ్చిగా తినేవి, మధ్యలో పొయ్యి ఉండదు. ఎల్లుండికి మొలకెత్తుతాయి. అధికారిగారు కడగని చెయ్యి పెట్టిన తొట్టి అని చెప్పి మరీ, రాజుగారికి ఇవే పంపిస్తాను."

వీరభద్రయ్య తన చేతిని చూసుకున్నాడు. ఇందాకటిదాకా అది గుర్రం వీపు నిమిరిన చెయ్యి.

"ఆ తొట్టి పారబోయించు," అన్నాడు మెల్లగా. "నీళ్లెక్కడ?"

"గుమ్మంలో, దొరా. మీరు దాటి వచ్చిన చోటే."