నురగ మెడలోని గజ్జెలు

అనగనగా ఒక కొండరాజ్యం. అక్కడ అందరికన్నా ముందు నిద్రలేచేది రాజు కాదు, నురగ అనే చిన్న కుక్క. గజ్జెలు మోగించుకుంటూ వెళ్ళి, రాకుమారి కువలయ పాదాలు నాకి లేపేది.

నురగది పాలనురగలాంటి పొడుగు బొచ్చు. రాణి హేమాంగి రోజూ తానే దానికి నీళ్ళు పోసేది, రుద్ది రుద్ది తోమేది. ఆరాక దంతపు దువ్వెనతో పైపైన దువ్వేది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే మురిసిపోయేది.

ఒకనాడు కువలయ ఎత్తుకోబోతే నురగ చటుక్కున కరిచింది. వేలు చిట్లింది.

"మూడు రోజులు చూస్తాను. మారకపోతే అడవిలో వదిలేయిస్తాను," అన్నాడు రాజు.

కువలయ వేలు వెనక్కి దాచుకుంది. "కరవలేదు నాన్నగారూ. పన్ను తగిలిందంతే."

మొదటి రోజు వైద్యుడు వచ్చాడు. వేడి చేసిందని కషాయం పోయించాడు. నురగ తాగింది, పడుకుంది, లేచి మళ్ళీ గుర్రుమంది.

రెండో రోజు మంత్రగాడు వచ్చాడు. దిష్టి తగిలిందని మెడలో తాయెత్తు కట్టబోయాడు. నురగ అతని పంచె పట్టుకుంది. అతను సగం పంచెతో ఇంటికి వెళ్ళాడు.

మూడో రోజు గొంగళ్ళు నేసే ముసలి బీరమ్మ కోటకు సరుకు తెచ్చింది. మూల నక్కిన నురగను చూసింది. పిలవలేదు. ఊరికే కింద కూర్చుంది. చాలాసేపటికి నురగే వచ్చి ఆమె చేయి వాసన చూసింది.

ముసలామె వేళ్ళు మెల్లగా బొచ్చు లోపలికి వెళ్ళి ఆగిపోయాయి.

"రాణమ్మా, ఇలా చెయ్యి పెట్టు."

రాణి పెట్టింది. పైన పట్టులా ఉంది. లోపల, చర్మాన్ని అంటుకుని, గట్టిగా అట్ట కట్టి ఉంది. చెవుల వెనక. చంకల్లో. అన్నిటికన్నా గజ్జెల పట్టీ కింద.

"రోజూ తోముతాను కదా అవ్వా," అంది రాణి.

"అదే తల్లీ. ఉన్ని తడిపి రుద్దితే బిగుసుకుంటుంది. మేం గొంగడి చేసేదే అట్లా. చిక్కు తీయకుండా నీళ్ళు పోస్తే దీనికీ అంతే. అడుగేసినప్పుడల్లా తోలు లాగుతుంది. పాపం, నోరుంటే చెప్పేది."

రాణి పట్టీ విప్పింది.

బీరమ్మ చిక్కు మొదలు ఒక చేత్తో పట్టుకుంది, లాగినా నొప్పి తెలియకుండా. రెండో చేత్తో కొసల నుంచి కొంచెం కొంచెం విడదీసింది. చెవుల వెనకవి వచ్చాయి. చంకల్లోవీ వచ్చాయి. మెడ దగ్గరిది రాలేదు.

"ఇది కోసేయాలమ్మా. అందం పోతుంది మరి."

"పోనీ అవ్వా."

దువ్వెన పళ్ళు అడ్డం పెట్టి, చర్మానికి తగలకుండా బీరమ్మ కత్తిరించింది. కింద తోలు ఎర్రగా కమిలి ఉంది. రాణి అక్కడ నెయ్యి రాసింది. నురగ ఆ చేతిని నాకింది.

సాయంత్రం రాజు వచ్చాడు. అతుకులబొంతలా ఉన్న నురగ కువలయ ఒడిలో వెల్లకిలా నిద్రపోతోంది. పిల్ల వేళ్ళు దాని మెడ మీదే ఉన్నాయి. రాజు చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత రాణి ముందు వేళ్ళతో లోపలంతా తడిమేది, చిక్కు తీసేది, ఆపైనే నీళ్ళు పోసేది. గజ్జెలు మళ్ళీ కట్టలేదు.

మనం ప్రేమించేవారిని పైపైన చూసి మురిసిపోతే చాలదు. ఎక్కడ నొస్తోందో తడిమి తెలుసుకోవాలి.