నంబరు అడగని చిలుక

కొండమూల అడవిలో ఏ బొరియ ఎవరిదో తేల్చే లెక్కంతా ఒక్క రామచిలుక నోట్లో ఉండేది. రాజ్యం ఏనుగు దొరగారిది, కచేరీ గుహలో, ఆ గుహలో కొమ్మ మీద ఈ చిలుక. నంబరు చెబితే ఆ బొరియ హద్దులు గడగడా అప్పజెప్పి, హక్కు నీదే పొమ్మనేది. చెప్పలేకపోతే వివరాలు లభ్యం కాలేదని కళ్లు మూసుకునేది. నంబరు చెప్పినవాడిదే బొరియ అని తాతల నాటి రూలు మరి. మీరే చెప్పండి, తన ఇంటి నంబరు నెత్తిన పెట్టుకు తిరిగే కుందేలు ఎక్కడైనా ఉంటుందా?

నంబర్లన్నీ కంఠతా పట్టినవాడు ఒక్కడే, గుహ గుమ్మంలో కూర్చునే నక్క. పీత తెచ్చిస్తే నంబరు చెవిలో ఊదేవాడు. పీత చిన్నదైతే రేపు రమ్మనేవాడు. ఒళ్లు మండిపోయేది అందరికీ, కానీ ఏం చేస్తారు?

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి నక్క కన్ను ముళ్లపంది బొరియ మీద పడింది. అడవిలో చుక్క నీరు చేరని బొరియ అదొక్కటే. ఆవిడ మొగుణ్ణి పోగొట్టుకుని ఇద్దరు పసివాళ్లతో అందులో కాలం గడుపుతోంది. బొరియ తనదేనని నక్క దావా వేశాడు. తొలకరికి ముందే చిలుక ఎవరికి హక్కు చెబితే వాళ్లదేనన్నారు దొరగారు. వానల్లో పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలని ముళ్లపంది కుమిలిపోయింది.

నక్క మీద ఫిర్యాదులు అప్పటికే గుట్టలు పడ్డాయి. చిలుకను అడిగే పద్ధతే మార్చమని దొరగారు గిజిగాడికి పని అప్పగించారు. ఇకమీద అతను పెట్టే ప్రశ్నే రూలన్నారు. గూడు అల్లడంలో అతన్ని మించినవాడు లేడు కదా, ఇదీ అల్లేస్తాడనుకున్నారు. అతనూ హుషారుగా సాటి పిట్టలనే సలహా అడిగి ప్రశ్న తయారుచేశాడు. ‘పైనుంచి చూస్తే మీ ఇల్లు వాగు ఏ మలుపులో ఉంది?’ అన్నదే ఆ ప్రశ్న. పిట్టలన్నీ భేష్ అన్నాయి.

ముళ్లపందిని పిలిచి చిలుక చేత అడిగించాడు.

“నాయనా, పుట్టి బుద్ధెరిగాక నేను దేన్నీ పైనుంచి చూళ్లేదు,” అంది ఆవిడ.

నక్క పగలబడి నవ్వాడు. “కష్టపడకు అబ్బాయ్, నంబర్లే నయం,” అని తోక ఊపుకుంటూ పోయి, ఇక అటు తొంగి కూడా చూడలేదు.

గిజిగాడికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం కిందికి దిగి, ముళ్లపంది వెనకే గెంతుకుంటూ ఆవిడ బొరియలో దూరాడు. లోపల వెనక్కి తిరిగేసరికి వెలుతురు, ఆ వెలుతురులో ఆవిడ రోజూ చూసే లోకం. దాంతో అతనికి దారి దొరికింది. కుందేలు ఇంటికీ, ముంగిస ఇంటికీ, పందికొక్కు ఇంటికీ వెళ్లి ఒకటే మాట అడిగాడు. అందరూ తడుముకోకుండా జవాబిచ్చారు. హద్దులు చిలుకకు ఎలాగూ వచ్చు. నంబరు మానేసి హద్దుల్ని బట్టి వెతకడం దానికి నేర్పడమే మిగిలింది. చిలుక మొదట గింజుకుంది, తర్వాత దానికీ సరదా పుట్టింది.

మబ్బులు కమ్ముతున్న రోజున విచారణ పెట్టారు. అడవంతా వచ్చింది. నక్క ముందుకొచ్చి నంబరు అందుకోబోయాడు.

“నంబరు నాకొద్దు,” అంది చిలుక. “బొరియలోంచి తల బయటపెడితే మొదట ఏం కనిపిస్తుంది?”

ముళ్లకు భయపడి నక్క ఆ చుట్టుపక్కలకే ఎన్నడూ పోలేదాయె. నీళ్లు నమిలి, చెట్టు అన్నాడు.

“చెట్టు కనపడని బొరియ ఈ అడవిలో ఉందా?” అంది చిలుక. జనం గొల్లున నవ్వారు.

ముళ్లపంది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నోరు తెరిచాక ఇక ఆగలేదు. “నల్ల బండ తల్లీ. దాని పక్కన ఒరిగిపోయిన వెలగచెట్టు. పొద్దున్నే ఆ బండ మీద ఉడుము ఎండకాగుతూ దారికడ్డం పడుకుంటుంది. తిట్టుకోకుండా ఒక్కనాడూ బయటికి రాలేదు.”

గుంపులో ఉడుము తల దించుకుంది.

“ఎదుట నల్ల బండ, పక్కన వెలగచెట్టు. హద్దులు సరిపోయాయి. హక్కు నీదే,” అంది చిలుక.

దొరగారు తొండమెత్తి అవునన్నారు. ముళ్లపంది పిల్లల్ని దగ్గరికి తీసుకుని బావురుమంది, సంతోషం పట్టలేక. గిజిగాణ్ణి ఏనుగు తల మీద కూర్చోబెట్టి అడవంతా ఊరేగించారు.

మర్నాడు నక్క అలవాటు కొద్దీ గుమ్మంలో కూర్చున్నాడు. కుందేళ్లూ ముంగిసలూ పలకరించనైనా పలకరించకుండా వాణ్ణి దాటుకుని నేరుగా చిలుక దగ్గరికి పోయాయి. మధ్యాహ్నానికి ఆకలికి తాళలేక తనే వాగులో దిగి, జీవితంలో మొదటిసారి పీతను పట్టబోయి మూతి కరిపించుకున్నాడు.

నీతి: వెతుక్కునేవాణ్ణి వాడికి తెలిసిందే అడగాలి, తెలియనిది అడిగితే గుమ్మంలో నక్క చేరుతుంది.