గుండ్రటి చేను

చేను కోసేటప్పుడు మూలలు పేదలకు వదలాలన్నది యూదుల ధర్మశాస్త్రం. పిసినారి షల్లూముకి అది మింగుడుపడలేదు. ఆ ఏడు తన నలుచదరపు పొలంలో గోధుమలు గుండ్రంగా చల్లించాడు.

"గుండ్రటి చేనుకి మూలలెక్కడివే? ఈసారి ఇటు రాకు" అన్నాడు గట్టుమీద పోతున్న పేదరాలు తిర్సాతో.

తిర్సా పొలమంతా ఓసారి కలయజూసింది. మర్నాడే వచ్చి, బీడుగా మిగిలిన నాలుగు మూలల్లోనూ సెనగలు చల్లింది. అవి కాపుకొచ్చాక షల్లూము లబోదిబోమంటూ ఆమెను మతగురువు రబ్బీ దగ్గరికి ఈడ్చాడు.

"మూలలు పేదలవే కదా, అయ్యగారూ! ఏటా పంట వదిలేవారు. ఈ ఏడు దయతలచి నేలే వదిలారనుకున్నాను" అంది తిర్సా.

రబ్బీ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. సెనగలు ఆమెవేనన్నాడు.

మరుసటి ఏడు షల్లూము నాలుగు మూలలకీ గోధుమలు చల్లించాడు. కోతనాడు కొడవలి పట్టుకుని అందరికంటే ముందొచ్చింది తిర్సానే.