ఏ మడుగు నీళ్ళు తాగారు?

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఒక ముంగిస. దాని పేరు నాగరత్నం. ముంగిసకి ఆ పేరేమిటని నన్నడక్కండి, వాళ్ళమ్మ పెట్టుకుంది.

ఏది చూసినా 'ఎందుకు?' అని అడగందే నాగరత్నానికి తోచదు. ఆ ఏడు వానాకాలంలో పిల్లజంతువులకి కడుపునొప్పులు పట్టుకున్నాయి.

"ఎందుకు?" అంది నాగరత్నం. "నీళ్ళలోనే ఏదో ఉన్నట్టుంది. ఏ మడుగులో ఉందో కనిపెడతాను."

"నువ్వా పనిలోనే ఉండు. నీ తిండి మేం చూసుకుంటాం," అన్నాయి జంతువులన్నీ.

"తిండి ఒక్కటే చాలదు. అడిగినదానికి నిజం చెప్పాలి," అంది నాగరత్నం.

అడవిలో ఉన్నవి రెండే మడుగులు. కొండ మీద రాతి మడుగు. కింద బురద మడుగు, అడవిపందులు పొర్లేది. గొప్ప ఇళ్ళ జంతువులు దానికేసి తొంగి కూడా చూడవని పేరు. కానీ వానకి కొండదారి జారుతోంది కదా! ఒకరికి తెలియకుండా ఒకరు పిల్లల్ని తీసుకుని బురద మడుగుకే వెళ్ళి వస్తున్నారు. చూశారా వీళ్ళ వేషాలు?

నాగరత్నం ముందు దుప్పి ఇంటికి వెళ్ళింది.

"గౌరమ్మక్కా, పిల్లకి ఏ మడుగు నీళ్ళు పట్టావు?"

గౌరమ్మ మెడ నిక్కించింది. "బురద మడుగు మా ఇంటావంటా లేదమ్మా. రాతి మడుగే."

తర్వాత ఎలుగుబంటిని అడిగింది. అది ఆకాశంకేసి చూస్తూ, "రాతి మడుగే," అంది.

మూడోది కుందేలు పైడమ్మ. అది మాత్రం తన మూడు పిల్లల్నీ జారుతూ, లేస్తూ నిజంగానే పైకి తీసుకెళ్తోంది. "రాతి మడుగే," అంది పైడమ్మ.

మిగతా ఇళ్ళలోనూ అదే జవాబు. జబ్బుపడ్డ పిల్లలందరిదీ రాతి మడుగే అని తేలింది. పైడమ్మ పిల్లలు మాత్రం ఎందుకు బాగున్నాయో నాగరత్నానికి అంతుపట్టలేదు. అయినా ఇంతమంది ఒకటే మాట చెబుతుంటే ఏం చేస్తుంది? "రాతి మడుగు మానెయ్యండి," అని చాటింది.

పరువు పోకుండా దగ్గర మడుగు దొరికిందని జంతువులు లోలోపల సంబరపడ్డాయి. పాపం, పైడమ్మ ఆ మాట నమ్మింది. పిల్లల్ని మొదటిసారి బురద మడుగుకి తీసుకెళ్ళింది. మూడో రోజుకి మూడూ పడిపోయాయి.

"దీనికి ఇన్నాళ్ళూ తిండి పెట్టడం దండగ. తరిమెయ్యండి," అని ఎలుగుబంటి కేకలేసింది.

నాగరత్నం కదల్లేదు. కుందేలు పిల్లల పక్కనే కూర్చుని, "నేనెక్కడ తప్పాను?" అని తనలో తనే అడుగుతోంది.

ఎక్కడ తప్పిందో గౌరమ్మకి తెలుసు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఈ పిల్లలు ఆ నీళ్ళే తాగుతాయి. చివరికి అందరి ముందూ తల దించుకుని, "నేను అబద్ధం చెప్పాను. నా పిల్ల తాగింది బురద మడుగు నీళ్ళు," అంది.

ఎలుగుబంటి గొంతు సవరించుకుంది. "మాదీ అంతే," అంది. మిగతావీ ఒక్కొక్కటే ఒప్పుకున్నాయి.

"అయితే జబ్బు బురద మడుగుది," అని లేచింది నాగరత్నం. జంతువులన్నీ కొండెక్కి, దొప్పల్లో రాతి మడుగు నీళ్ళు మోసుకొచ్చాయి. పైడమ్మ పిల్లల్లో రెండు లేచి నిలబడ్డాయి. మూడోది లేవలేదు.

గౌరమ్మ ఏడుస్తూ అడిగింది. "నేను మొదటి రోజే నిజం చెప్పి ఉంటే, నాగరత్నం?"

"ఆ పిల్లలు బురద మడుగు మొహమే చూసేవి కావక్కా," అంది నాగరత్నం.

నీతి: పరిశోధించేవారికి తిండి పెడితే సరిపోదు, నిజం కూడా చెప్పాలి. మన పరువు కోసం దాచిన నిజం, మనల్ని నమ్మినవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది.