ఐదు రేకుల పువ్వు

బుర్రా వారి ఇంటిపేరులోనే బుర్ర ఉంది. కాబట్టి తలలో విడిగా మరొకటి అక్కర్లేదని వాళ్ళ ముత్తాతల నాడే అందరూ కూర్చుని తీర్మానించుకున్నారట. ఆ ఇంటి కోడలు అచ్చియ్యమ్మ. "పుట్టింట్లో నా తెలివి అరకొరగా ఉండేది, ఇక్కడికొచ్చాకే నిండింది" అని నూతి దగ్గర గర్వంగా చెప్పుకునేది. ఆమె మొగుడు పోలయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. సంతలో వర్తకుడు "కళ్ళు మూసుకుని తోలుకుపోవయ్యా" అంటే నిజంగానే కళ్ళు మూసుకుని, పాడిగేదె అనుకుని దున్నపోతుని తోలుకొచ్చిన ఘనుడు. నవ్వకండి, ఈ కథ చెబుతున్నవాడి ఇంటిపేరు కూడా అదే.

అంత తెలివైన ఇంట్లోనూ ఒక దిగులుంది. పోలయ్యకి మంగతాయారని ఒక అక్క. వెనకాముందూ ఎవరూ లేని మనిషి. మూడేళ్ళ క్రితం వచ్చి, పది రోజులు హాయిగా ఉండి, పదకొండో రోజు పొద్దున్నే మూట సర్దుకుని వెళ్ళిపోయింది. ఎందుకో ఎవరికీ తెలీదు. తల్లి లేని అచ్చియ్యమ్మకి ఆ వదినంటే ప్రాణం. తన వల్లే అలిగిందని తలుచుకుని తలుచుకుని ఏడ్చేది. ఇప్పుడు ఆ వదినే శుక్రవారం వస్తున్నానని కబురంపింది.

అంతే, శుక్రవారం తెల్లారిందో లేదో అచ్చియ్యమ్మ కాలు నిలవలేదు.

"ఏవండీ, వదిన పడుకునే గది మరీ బోసిగా ఉంది. గోడల నిండా పూలు పెడదామండీ. ఈసారైనా మనసు పడుతుంది" అంది.

"నిజం పూలైతే వాడిపోతాయే. ఎదురింటి కోటమ్మ పిన్ని కాగితప్పూలు చేస్తుందిగా, నేర్చుకురా" అన్నాడు పోలయ్య.

కోటమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే చెప్పింది. "అదేమన్నా బ్రహ్మవిద్యా అమ్మాయ్? పువ్వుకి ఐదేసి రేకులు. మధ్యలో తీగ పెట్టి బిగించు. అంతే."

అచ్చియ్యమ్మ దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చింది. "పువ్వుకి ఐదు రేకులటండీ. మన దగ్గర ఎన్నున్నాయి?"

పోలయ్య పశువుల పాక వైపు చూసి వేళ్ళు లెక్కపెట్టాడు. "పైన పన్నెండు. రెండు పూలవుతాయి. మిగిలిన రెండూ మొగ్గకి సరి."

ఇంకేముంది, నిచ్చెన వేశాడు. మధ్యాహ్నానికి పాక మీది ఇనప రేకులన్నీ గదిలోకొచ్చాయి. మధ్యలో తీగ కావాలి కదా, దొడ్డి చుట్టూ ఉన్న ముళ్ళతీగ పీకి బిగించారు. ఒక్క పువ్వుకే గది నిండిపోయి, మంచం వసారాలోకి వెళ్ళింది. దున్నపోతు ఎండలో నిలబడి వాళ్ళవంక అదోలా చూసింది.

ఆ చప్పుడుకి కోటమ్మ పరిగెత్తుకొచ్చి నోరు నొక్కుకుంది. "నీ మొహం మండా! రేకులంటే ఇవా? రెక్కలే! మెత్తగా, పల్చగా ఉంటాయే, ఆ రెక్కలు!"

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా పిన్నీ" అని అచ్చియ్యమ్మ నొచ్చుకుంది.

అంతే, మొగుడూ పెళ్ళాం కోళ్ళ వెంట పడ్డారు. పట్టుకున్నాక లెక్క వచ్చింది. కోడికి రెండే రెక్కలు, పువ్వుకి ఐదు. అంటే రెండున్నర కోళ్ళు. ఆ అర కోడి దగ్గర బుర్రా వారి లెక్క ఆగిపోయింది. పోలయ్యది జాలిగుండె, కోడిని సగం చెయ్యలేడు. చివరికి మూడు కోళ్ళనీ వరసగా గదిలో దండేనికి కట్టి, ఎక్కువైన రెక్కని అచ్చియ్యమ్మ గుడ్డ కప్పి దాచేసింది. ఒక పక్కనించి పువ్వు "కొక్కొరొకో" అంది.

"కూసే పువ్వు ఊళ్ళో ఇంకెవరింట్లో ఉందే?" అన్నాడు పోలయ్య మురిసిపోయి.

కోటమ్మ తల కొట్టుకుంది. ఇంటికెళ్ళి తనే రంగు కాగితాలన్నీ కత్తిరించి, చాటెడు రెక్కలు తెచ్చి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టింది. "నువ్వేం చెయ్యకు తల్లీ. వీటిని అంటించు చాలు. గది వెలిగిపోతుంది."

అచ్చియ్యమ్మకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంత ఓపిగ్గా కత్తిరించింది అంటించడానికా? కానీ తెలిసినావిడ మాట. కాగితాలన్నీ ఇనప పువ్వు పక్కన కుప్ప పోసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అగ్గిపుల్ల గీసి అంటించింది.

ఇంకేముంది, గది వెలిగిపోయింది! "పిన్ని చెప్పిందంటే చెప్పిందే!" అని ఇద్దరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే మంట కిటికీ తెరకెక్కింది. కోళ్ళు దండెం తెంపుకుని పోలయ్య నెత్తి మీదుగా పారిపోయాయి. ఇనప పువ్వు దభేల్న కూలింది. పోలయ్య కుడితి తొట్టి ఎత్తుకొచ్చి కుమ్మరించాడు. మంట ఆరింది. గోడలన్నీ మసి, నేలంతా కుడితి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మూటతో మంగతాయారు నిలబడి ఉంది.

అచ్చియ్యమ్మకి దుఃఖం తన్నుకొచ్చింది. "నా బుర్ర గోడకేసి బాదుకోవాలి వదినా!"

"గోడ మసిగా ఉందే, తుడిచిస్తానుండు" అన్నాడు పోలయ్య.

"నీకోసం గది నిండా పూలు పెడదామనుకున్నాను వదినా. ఇలా తగలేశాను. మళ్ళీ అలిగి వెళ్ళిపోకు. అసలు ఆ రోజు నేను చేసిన తప్పేంటి?"

మంగతాయారు తెల్లబోయింది. "అలగడమేమిటి మరదలా? వచ్చిన రోజునే తమ్ముడు నాతో 'ఉండి, పో' అన్నాడు. ఉన్నాను, పోయాను."

"నేనన్నది 'ఉండిపో' అని అక్కా!"

"నేనూ అదేగా చెబుతున్నది? ఉండి, పో."

ఎంతైనా మంగతాయారు పుట్టింటిపేరు బుర్రా. ఒక్క మాటని ఎక్కడ విరవాలో వదినకి తెలీక తను మూడేళ్ళు ఏడ్చానని అచ్చియ్యమ్మకి అర్థమైంది. ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేసింది. వదిన చేతిలో మూట లాక్కుంది.

"ఈసారి 'పో' లేదు వదినా. ఉండు. నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాం!"

అనేసింది. ఇచ్చిన మాట తప్పడం బుర్రా వారి ఇంటా వంటా లేదు. అంతే, పోలయ్య దున్నపోతుని బండికి కట్టి, ఊరవతల తోటల్లో బంతీ చేమంతీ అడిగి అడిగి బండెడు కోయించుకొచ్చాడు. రేకులూ కుడితీ బయటికెత్తి గది నిండా పోసి, మంగతాయారుని గొంతుదాకా పువ్వుల్లో పెట్టారు. ఎదురుగా పీటలు వేసుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు.

"నన్ను ఇంత బాగా ఎవరూ చూసుకోలేదురా" అని మంగతాయారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చేతులు పువ్వుల్లో ఉన్నాయి కాబట్టి అచ్చియ్యమ్మే తుడిచింది.

పొద్దు వాలుతుండగా కోటమ్మ తొంగిచూసింది. "ఏమిటే ఇది?"

"వదినని చూసుకుంటున్నాం పిన్నీ."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! ప్రయాణం చేసొచ్చిన మనిషి, అన్నం పెట్టారా?"

అచ్చియ్యమ్మ కంగారుపడింది. "అయ్యో, పువ్వుల్లో పెట్టాం కదా. అన్నంలో కూడా పెట్టాలా?"

చెప్పి చెప్పి విసిగిపోయిన కోటమ్మకి ఆ 'లో' వినపడలేదు. "పెట్టక? అది కూడా నేనే చెప్పాలా? వేడివేడిగా పెట్టండి!" అని వెళ్ళిపోయింది.

పువ్వుల్లోంచి మంగతాయారు బెదురుగా అంది. "మరీ వేడైతే వద్దురా తమ్ముడూ. కాస్త చల్లారాక దిగుతాను."

ఇంకేముంది, పోలయ్య మనిషి పట్టే గంగాళం కోసం వీధిలో ఇల్లిల్లూ అడగడానికి బయల్దేరాడు. అచ్చియ్యమ్మ వదినని మెడ దాకా మూర పెట్టి కొలుచుకుని, వంటింట్లోకెళ్ళి బస్తా బియ్యం కడగడం మొదలుపెట్టింది.