గంగాళంలో కప్ప

మబ్బుగొండ రాజు అనంగభూపతికి వానంటే విసుగొచ్చేసింది. రాదూ మరి! చిత్త కార్తెలో పట్టిన ముసురు స్వాతి దాటినా వదల్లేదాయె. వేట లేదు, షికారు లేదు, సింహాసనం మీది పరుపుకు బూజు కూడా పట్టింది. ఓ రోజు నిండు సభలో ఏడుసార్లు తుమ్మి, "అసలింతకీ ఎంత వాన కురిసిందయ్యా? నాకు లెక్క కావాలి! రేపీపాటికి తేల్చండి!" అని హుకుం జారీ చేశాడు.

ఆ మాట వినగానే సింహాసనం వెనక గొడుగు పట్టే ఓబన్న గుండె గంతులేసింది.

ఎందుకంటే ఓబన్నకి వాన కొలిచే పిచ్చి. వాడొక్కడికే కాదు, బట్టలుతికే లచ్చమ్మకీ, కోట కావలి వీరన్నకీ అదే పిచ్చి. ముగ్గురూ ఎవరింటి దగ్గర వాళ్లు ఆరుబయట ఇత్తడి పాత్ర పెట్టేవాళ్లు. పొద్దున్నే అందులో పుల్ల ముంచి, తడిసిన మేర వేళ్లతో కొలిచి, నీళ్లు పారబోసి, గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాళ్లు. సాయంత్రం కలిస్తే చాలు, "మా వైపు మూడు వేళ్లు!" "పోవయ్యా, మా దగ్గర మూడున్నర!" అని ఒకటే పోట్లాట. ఊరు ఊరంతా వాళ్లని చూసి నవ్వేది.

ఇన్నాళ్లకి ఆ పిచ్చికి పని పడింది. రాజుగారి తాతగారు వేయించిన శాసనం ఒకటుంది. శరత్కాలంలో వాన మూరెడు దాటితే, పల్లపు వీధి జనానికి కోటలోని నాట్యశాల తలుపులు తెరవాలి. పల్లపు వీధిలో అప్పటికే నడుం లోతు నీళ్లు. అక్కడే ఓబన్న ఇల్లు. వాడి ఇత్తడి పాత్ర ఇంటి కప్పెక్కింది, పెళ్లాం పసిబిడ్డతో అటకెక్కి మూడు రోజులైంది. అది తలుచుకుంటేనే వాడికి ఏడుపొచ్చేది.

మర్నాడు సభలో ఓబన్న గొంతు సవరించుకున్నాడు.

"మూర మీద బెత్తెడు, ప్రభూ! మూడు చోట్ల కొలిచాం, మూడు చోట్లా మూర దాటింది."

ఆస్థాన జ్యోతిష్కుడు మార్తాండ సిద్ధాంతి పకపకా నవ్వాడు. ఉగాది నాడు పంచాంగం విప్పి, "ఈ ఏడు శరత్తులో చినుకు పలచన" అని ఢంకా బజాయించి చెప్పిన మనిషి ఆయన. ఊరు మునిగినా సరే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"జానెడు ప్రభూ, జానెడే! మేడ మీద నా గంగాళంలో రోజూ నా చేత్తో నేనే కొలిచాను. వీడివన్నీ కాకి లెక్కలు!"

రాజు ఓబన్న వైపు తిరిగాడు. "ఆయన లెక్క తప్పని చూపించగలవా? లేదంటే నాట్యశాల తలుపు తీసేది లేదు."

గొడుగు పట్టేవాడి మాటకీ సిద్ధాంతి మాటకీ పోటీయా! అయినా ఓబన్న, తెల్లారే మేడెక్కి చూసొచ్చిన సంగతి కడుపులోనే దాచుకుని, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అయ్యవారి ముందు నేనెంత ప్రభూ? ఒక్క సందేహం తీరిస్తే నోరు మూసుకుంటా. అయ్యా, నాలుగు రోజుల కిందట మీ గంగాళంలో కప్ప పడిందట కదా. మరి కప్ప ఉంటే నీళ్లు పైకి లేస్తాయే, ఎలా కొలిచారండీ?"

సిద్ధాంతి చిక్కులో పడ్డాడు. చూళ్లేదంటే మేడెక్కలేదని తేలిపోతుంది. అమ్మో!

"హుఁ! నాకు తెలియదనుకున్నావట్రా? అది మునిగితే వేలెడు నీళ్లు లేచాయి. ఆ వేలెడూ తీసేసే రాశాను."

"ఆహా! మర్నాడు కూడా ఉందాండీ?"

"మర్నాడేమిటి, ఇవాళ పొద్దున కూడా కళ్లారా చూశాను! పచ్చటి కప్ప. గుడ్లు మిటకరించి నన్నే చూసింది. రోజూ వేలెడు తీసేస్తూనే ఉన్నా."

రాజుకి హుషారొచ్చేసింది. "ఆ కప్పని నేనూ చూడాలి! తెండి గంగాళం!"

భటులు పరుగున మేడెక్కి, అంతే పరుగున దిగొచ్చారు. "మేడ మీద గంగాళమే లేదు ప్రభూ!"

"లేకపోవడమేమిటి?"

"అది నా దగ్గరుంది దొరా," అంటూ వంటశాల పెద్ద నారమ్మ పసుపు చేతులతో లోపలికొచ్చింది. "మా గంగాళానికి చిల్లు పడితే, ఐదు రోజుల కిందటే మేడ మీంచి దించుకొచ్చా. ఎవరూ అడగనూ లేదు. అప్పట్నుంచీ సభకి పెట్టే పులిహోరంతా అందులోనే కలుపుతున్నా."

ఓబన్న కళ్లు దించుకునే అన్నాడు.

"ప్రభూ, అయ్యవారు అబద్ధమాడరు. ఇవాళ పొద్దున కూడా కప్ప గంగాళంలోనే ఉందంటే, ఇన్నాళ్లూ మనం తిన్నది కప్ప పులిహోరేనండీ!"

మంత్రిగారు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు. సేనాపతి స్తంభం పట్టుకున్నాడు. రాజు పొట్ట పట్టుకుని గర్జించాడు. "సిద్ధాంతీ! నాకు కప్ప పెట్టారా?"

"కప్పా లేదు గిప్పా లేదు ప్రభూ!" సిద్ధాంతి లబలబలాడిపోయాడు. "పులిహోర పరమ పవిత్రం! వానకి జలుబు చేస్తుందని నేను మేడే ఎక్కలేదు! కొలతలన్నీ దుప్పటి కప్పుకుని, మంచం మీద కూర్చుని రాసినవే!"

అని, ఏమన్నాడో తనకే తెలిసి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

ముందు రాజుకి నవ్వు తన్నుకొచ్చింది. తర్వాత మంత్రికి. ఆపైన సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పైన దంచుతున్న వాన చప్పుడు కూడా ఎవరికీ వినిపించలేదు.

"మూర మీద బెత్తెడే ఖాయం!" రాజు కళ్లు తుడుచుకుంటూ చేతి కడియం తీసి ఓబన్నకి తొడిగాడు. "ఇకనుంచి రాజ్యంలో వాన లెక్క నీదీ, నీ పిచ్చివాళ్లదీ! నాట్యశాల తెరవండి. పడవలు పంపండి!"

ఓబన్న కడియం కేసి చూడనైనా చూడలేదు. సభ ఇంకా నవ్వుతుండగానే, పెళ్లాన్నీ బిడ్డనీ అటక మీంచి దించడానికి జోరువానలోకి ఒక్క పరుగు తీశాడు.