కలువలపేట పుస్తకాల ధర్మకర్త

అనగనగా, రాజుల ఏలుబడి ఇంకా సాగుతూ, అచ్చు పుస్తకాలు అప్పుడప్పుడే ఊళ్ళకు వస్తున్న రోజుల్లో, కాలవ ఒడ్డున కలువలపేట అనే చిన్న పట్నం ఉండేది.

ఆ ఊరివాళ్ళు తలా ఒక పుస్తకం తెచ్చి, పాత ఉప్పుకొట్టులో గ్రంథాలయం పెట్టుకున్నారు. మొత్తం ముప్పైయారు పుస్తకాలు. వాటికి ధర్మకర్తగా వడ్రంగి లింగాచారిని ఎన్నుకున్నారు.

లింగాచారి పండితుడేం కాదు. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేవాడు. కానీ పుస్తకమంటే ప్రాణం. రోజూ పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బీరువాలో పెట్టేవాడు.

"ఇక్కడే కూర్చుని చదువుకోండి. ఇంటికి మాత్రం ఇవ్వను" అనేవాడు.

ఒకనాడు మంత్రసాని సింహాచలం పరుగున వచ్చింది. "ఆచారిగారూ, పురుళ్ళ పుస్తకం ఇప్పించండి. కుమ్మరోళ్ళ పిల్లకి నొప్పులొస్తున్నాయి. మా కోడలు చదివి చెబుతుంది."

కాదనలేకపోయాడు. తల్లీ బిడ్డా క్షేమం. పుస్తకం మాత్రం ఆముదం మరకలతో తిరిగొచ్చింది.

తర్వాత పడవ నడిపే పోలయ్య వచ్చాడు. "పది రోజులు నీళ్ళమీదే బాబూ. పలకరించే మనిషుండడు. ఓ కథల పుస్తకం ఇయ్యండి."

ఇచ్చాడు. అది తడిసి, ఉబ్బి, పూరీలా తిరిగొచ్చింది.

మూడోసారి పూలమ్మే వరహాలమ్మ వచ్చింది. నలభై ఏళ్ళు దాటాక, ఆ ఉప్పుకొట్టు అరుగుమీదే అక్షరాలు దిద్దుకున్న మనిషి. పాటల పుస్తకం పట్టుకెళ్ళింది. తెచ్చిచ్చేటప్పుడు మొహం చెల్లక, గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. అందులో ఒక కాగితం మారిపోయి ఉంది.

లింగాచారికి ఆ పూట అన్నం సయించలేదు.

ఇంతలో కోటనుంచి దండోరా వచ్చింది. పుస్తకాలను చక్కగా కాపాడిన ఊరికి రాజుగారు మూడువందల కొత్త పుస్తకాలిస్తారట. పాడుచేసిన ఊరివి కోటకు తీసుకుపోతారట.

"బావా, ఆ మూడూ దాచెయ్యి" అన్నాడు పక్కింటి వీరాచారి. లింగాచారి వాటిని పనిముట్ల బుట్టలో అడుగున పెట్టేశాడు.

పుస్తకాలు చూడటానికి రాజుగారి దివాను వచ్చాడు. బీరువా చూశాడు. చిట్టా చూశాడు.

"ముప్పైయారని రాశారు. ముప్పైమూడే ఉన్నాయే?"

చిట్టాలో లెక్క తప్పు రాశానంటే సరిపోయేది. లింగాచారి నోరు తెరిచాడు. గుమ్మం దగ్గర సింహాచలం, పోలయ్య, వరహాలమ్మ తనవైపే చూస్తున్నారు. ఆ అబద్ధం నోటినుంచి రాలేదు. వెళ్ళి బుట్ట తెచ్చి, మూడు పుస్తకాలూ దివాను ముందు పెట్టాడు.

"సిగ్గుపడి దాచానయ్యా. తప్పు నాది. ఇంటికిచ్చిందీ నేనే. ఈ ఆముదం పురిటింటిది. ఈ తడి పడవలోది. ఇక ఈ కాగితం సంగతి..."

దివాను పాటల పుస్తకం తెరిచాడు. అచ్చు కాగితాల మధ్య, పూలదారంతో కుట్టిన చేతిరాత కాగితం.

"ఎవరి రాత ఇది?"

వరహాలమ్మ ముందుకొచ్చింది. "నాదే దొరా. ఆ కాగితం మా మేక తినేసింది. పాట నోటికొచ్చేసింది కదాని రాసి కుట్టాను. తప్పులుంటే కోప్పడకండి."

దివాను చివరిదాకా చదివాడు.

"రెండు తప్పులున్నాయమ్మా" అని నవ్వాడు. "పొద్దున పక్క ఊరు చూసొచ్చాను. ఒక్క మరక లేదు. అచ్చులోంచి అతుక్కుని వచ్చిన కాగితాల అంచులైనా కొయ్యలేదు. అక్కడ ఎవరూ చదవలేదు."

ఆపైన లింగాచారివైపు తిరిగాడు. "దాచినందుకు నీకు శిక్ష తప్పదు, ఆచారీ. మూడువందల పుస్తకాలకూ బీరువాలు నువ్వే చెయ్యాలి."

లింగాచారి కళ్ళు తుడుచుకుని, "చిత్తం. ఆశకొద్దీ ముందే రెండు చేసి పెట్టాను" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

కొత్త పుస్తకాల బండి వచ్చిన రోజున లింగాచారే ఒక్కొక్కరినీ పిలిచి, చేతిలో పెట్టి ఇంటికి పంపాడు. సాయంత్రానికి బీరువాలు సగం ఖాళీ. ఆ ఖాళీ చూసుకుంటుంటే ఆయనకు కడుపు నిండినట్టయింది.

కాబట్టి పిల్లలూ, పుస్తకాన్ని కాపాడటమంటే దాన్ని చదివేవాళ్ళ చేతికి అందించడమే.